మొల లోతు, పీకల లోతు

(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు, చోటు చాలక గుమ్మాల దగ్గర నిలబడ్డవాళ్ళకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవడం మర్యాదే. కానీ నాకిచ్చిన ఇరవై నిమిషాలూ నాకు కావాలి, మన్నించండి.

ఇవాళ ఆగస్టు 29. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్ళో భాష గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. కానీ నేను మొదలుపెట్టేది మా ఊరి చెరువు దగ్గర. భాష దారిలో వస్తుంది.

మీలో ఎంతమందికి మీ ఊరి చెరువు లోతెంతో తెలుసు? చేతులెత్తండి. ఆరుగురు. మంచిది. ఆ ఆరుగురినీ ఇంకో మాట అడుగుతాను. మీరు చెప్పేది ఈ ఏడు కొలిచిన లోతా, మీ చిన్నప్పటి లోతా?

చిన్నప్పటి లోతే కదా. నాదీ అదే.

మా చెరువు ఓ పదిహేను ఎకరాలుంటుంది. పోయిన కార్తీకంలో, చెరువు నిండుగా ఉన్నప్పుడు, మేం నలుగురం దాని లోతు పటం గీశాం. ఫిష్ ఫైండర్ అని ఒక పరికరం ఉంటుంది. చేపల వేటకి వెళ్ళే పడవల్లో కొందరు చూసే ఉంటారు. చిన్న టీవీలాంటి తెర, దానికి వైరు, వైరు చివర అరచేతిలో పట్టేంత నల్లటి ముక్క. ఆ ముక్క నీళ్ళలో ఉంటుంది. అది కిందికి చప్పుడు పంపిస్తుంది, మన చెవికి అందని చప్పుడు. అడుగున తగిలి అది తిరిగొస్తుంది. నీళ్ళలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది కాబట్టి, మూడు మీటర్ల లోతుంటే పోయి రావడానికి సెకనులో వెయ్యింట నాలుగు వంతులు పడుతుంది. ఆ లెక్కంతా అదే చేసుకుంటుంది. జీపీఎస్ ఉన్న పరికరమైతే ఎక్కడ ఎంత లోతో కూడా రాసి పెట్టుకుంటుంది. గార్మిన్ లాంటి కంపెనీల వాటిల్లో కొన్ని పడవ వెళుతూండగానే తెర మీద గీతలు గీసేస్తాయి. మాది అంతటిది కాదు. మా అల్లుడు విశాఖలో కొన్న పాతది. మోటార్ సైకిల్ బ్యాటరీతో నడుస్తుంది.

నాటు పడవ వెనక చెక్కకి ఆ ముక్కని బిగించాం, నీటి మట్టానికి జానెడు కింద. ఆ జానెడూ ప్రతి లెక్కకీ కలపాలి, మరిచిపోతే పటమంతా తప్పే. ఒక గట్టు నుంచి ఎదుటి గట్టుకి, పదేసి మీటర్ల ఎడంతో, నాగలి చాళ్ళలాగా పోయాం. మళ్ళీ అడ్డంగా పోయాం. తొందరపడితే తెర మీద అంకెలు పిచ్చిగా గంతులేస్తాయి, మనిషి నడిచేంత మెల్లగా పోవాలి. మధ్య మధ్య పడవ ఆపి, ఇనప ముక్క కట్టిన తాడు దించేవాళ్ళం. అర మీటరుకో ముడి. తాడు చెప్పిందీ తెర చెప్పిందీ ఒకటైతేనే ముందుకి.

గుర్రపు డెక్క ఉన్నచోట పరికరం పనికిరాదు, ఆకుల్నే అడుగనుకుంటుంది. బురద సంగతి వేరు. మా పరికరం బురద పైపొర దగ్గరే ఆగిపోయింది. అది 1.8 మీటర్లు చూపించిన చోట వెదురు గడ దించితే 2.6 దాకా దిగింది. అంటే ఎనభై సెంటీమీటర్ల పూడిక. కాగితాల మీద మా చెరువు "సగటు లోతు మూడు మీటర్లు". ఆ సగటు ఎవరు, ఎప్పుడు తీశారో అడిగితే చెప్పే మనిషి లేడు. పోనీ, సగటుతో పిల్లాడికేం పని? పిల్లాడు సగటులో దిగడు. ఒకచోట దిగుతాడు.

ఒకచోట దిగాడు. మా అప్ప కొడుకు. పద్నాలుగేళ్ళు.

ఈ సంగతి చివర్లో చెబుదామనుకున్నాను, ఇప్పుడే వచ్చేసింది. ఇరవై ఆరేళ్ళయింది. వినాయకుణ్ణి నిమజ్జనం చేసే రోజు. వాడు నన్నే అడిగాడు, "మావయ్యా, తూర్పు గట్టు వేపు దిగొచ్చా?" అని. నేను "అటు మొల లోతేరా, వెళ్ళు" అన్నాను. అబద్ధం కాదు. నా చిన్నప్పుడు అటు మొల లోతే. కానీ ఆ ఎండాకాలం ఎవరో కాంట్రాక్టరు రోడ్డు పనికని అక్కడ మట్టి తవ్వుకుపోయాడు. వానలు పడ్డాయి, నీళ్ళు నిండాయి, గొయ్యి కనపడదు. నీళ్ళ మీద గొయ్యికి గుర్తేం ఉంటుంది? వాడు మొల లోతులోనే నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగు లేదు.

గొయ్యి తవ్వినవాణ్ణి నేను తిట్టాను, చాలా ఏళ్ళు తిట్టాను. కానీ "మొల లోతు" అన్న మాట నాది.

స్కాట్లండ్‌లో జాన్ మర్రే అని పెద్ద సముద్ర శాస్త్రవేత్త, ఫ్రెడరిక్ పుల్లర్ అనే కుర్రాడితో కలిసి 1897లో అక్కడి సరస్సుల లోతులు కొలవడం మొదలుపెట్టాడు. చేతితో తిప్పే చక్రం, దాని మీంచి కిందికి దిగే తీగ. ఆ యంత్రం చేసింది ఆ కుర్రాడే. 1901 ఫిబ్రవరిలో ఒక గడ్డకట్టిన సరస్సు మీద మంచు విరిగి జనం నీళ్ళలో పడితే, వాళ్ళని కాపాడబోయి అతనే మునిగిపోయాడు. అతని తండ్రి లారెన్స్ పుల్లర్ ఆ పనిని ఆపనివ్వలేదు. తన డబ్బు పెట్టి సాగించాడు. 1909 నాటికి 562 సరస్సులు కొలిచారు. ఐదు వందల అరవై రెండు! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తండ్రికి తీగ ఉంది, చక్రం ఉంది. నాకు ఇంతకన్నా తేలికైన పరికరం అందుబాటులో ఉండి కూడా ఇన్నేళ్ళు కూర్చున్నాను.

మా గొయ్యి దొరికింది. ఒకటి కాదు, రెండు. చుట్టూ 1.2 మీటర్లు, గొయ్యిలో 4.3. రెండోసారి అడ్డంగా పోకపోతే చిన్నది తప్పిపోయేదే. పిల్లలూ, ఇది వినండి. ఆ చప్పుడు దారంలాగా దిగదు, గరాటాలాగా విచ్చుకుంటూ దిగుతుంది. ఆ గరాటాలో దేనికి ముందు తగిలితే అదే లోతంటుంది. అందుకే నిటారుగా ఉన్న గొయ్యి అంచులు పటంలో మెల్లగా వాలినట్టు, గొయ్యి ఉన్నదానికన్నా ఇరుగ్గా కనిపిస్తాయి. జీపీఎస్ కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ పోతుంది. కాబట్టి గొయ్యి చుట్టూ అయిదు మీటర్లు వదిలి హద్దు గీయాలి. పటాన్ని నమ్మండి, కానీ దాని అంచుని నమ్మకండి.

లెక్కలన్నీ క్యూజిఐఎస్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో వేసి, గట్టు వెంబడి సున్నా లోతు పెట్టి, గీతలు తీయించాం. రోజూ నీటిమట్టం రేవు మూడో మెట్టు దగ్గర గుర్తు పెట్టుకున్నాం. వారంలో బెత్తెడు తగ్గింది, అదీ సరిచేశాం. అంతా అయ్యాక పటం కింద లోతులు మీటర్లలో రాసి తెచ్చి మా వలలవాళ్ళ తాతకి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఏటి బాబూ, ఇందులో మనిషెక్కడున్నాడు?" అన్నాడు.

పంతులు గారు గుర్తొచ్చారు. జనం నోట్లో ఉన్న మాటే రాతలోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడారు కదా. ఇక్కడి కొండల్లో ఉండే సవరల మాట వాళ్ళ దగ్గరే నేర్చుకుని పుస్తకాలకెక్కించారు కదా. లోతుకి మనకి మాటలు లేవా? మోకాలి లోతు, మొల లోతు, పీకల లోతు, నిలువు లోతు, రెండు నిలువులు. అయితే ఎవరి మొల? నా మొలా? అయిదో తరగతి పిల్లాణ్ణి బడి గోడకి నిలబెట్టి గుర్తులు పెట్టాం. వాడి పీక మీటరు పదికి వచ్చింది. రంగులన్నీ వాడి ఒంటి కొలతల మీదే వేశాం. రేవు గోడ మీద ఇప్పుడా పటం ఉంది, తెలుగులోనూ ఒడియాలోనూ. పీకల లోతు దాటితే ఎరుపు.

మా అప్ప చూడ్డానికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ రేవుకి రాలేదు. వేలితో పటంలో ఆ గొయ్యి ఉన్నచోటుని తాకి, "ఇంతేనా?" అంది. నేను "గొయ్యి ఎనిమిది మీటర్ల వెడల్పప్పా" అన్నాను. ఆవిడ అడిగింది అది కాదని ఇంటికెళ్ళాక అర్థమైంది.

అధ్యక్షులు వాచీ చూస్తున్నారు. ఒక్క నిమిషం. ఈ సభలో కనీసం ఎనిమిది ఊళ్ళ గణపతి కమిటీల కుర్రాళ్ళున్నారు. పరికరం నా దగ్గరుంది, బ్యాటరీ ఉంది, తాడుంది. ఇది చెరువులు నిండే కాలం, పూర్తి పటానికి టైము లేదు. కానీ విగ్రహం దించే రేవు ఒక్కటీ కొలవడానికి ఒక పూట చాలు. మీరు పడవ, ఈత వచ్చిన ఇద్దరు, ట్రాక్టరు ట్యూబు రెండు తెచ్చుకోండి. ఈ ఎండాకాలం మీ చెరువులో ఎక్కడ మట్టి తీశారో చూసినవాళ్ళని, మేకలు కాసే పిల్లలైనా సరే, వెంటబెట్టుకు రండి. రేపు పొద్దున్న ఆరింటికి మా రేవులో ఉంటాను. ఎవరు ముందొస్తే వాళ్ళ చెరువుకి ముందు.