నోటి పుండ్లున్న ఆవును సంతకు తోలవచ్చా?

వ్యాఖ్యాత: పశువులకు అంటువ్యాధి సోకినప్పుడు యజమాని ఏం చేయాలని చట్టం చెబుతోంది? ఈ రోజు మన అంశం ఇదే. సమాధానాలు చెప్పడానికి పశువైద్యులు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను తీసుకుందాం.

రైతు: నమస్కారం డాక్టర్ గారూ. నాకు ఆరు ఆవులు. నిన్నటి నుంచి ఒకటి మేత ముట్టడం లేదు. సొంగ తీగలు తీగలుగా కారుతోంది, కుంటుతోంది. రేపు సంత. ఎంతకో కొంతకు అమ్మేస్తే మిగతావైనా దక్కుతాయని ఇంట్లో అంటున్నారు.

డాక్టర్: దయచేసి సంతకు తోలకండి. నోరు తెరిచి చూశారా?

రైతు: చూశానండి. నాలుక మీద పొర ఊడి ఎర్రగా ఉంది. గిట్టల సందుల్లోనూ పుండ్లు పడ్డాయి.

డాక్టర్: ఇవన్నీ గాలికుంటు అనే వైరస్ జబ్బు లక్షణాలే. చూసి నిర్ధారించేది మీ పశువైద్యుడు. అయితే అంతవరకూ మీరు ఆగనక్కరలేదు. పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ కోసం 2009లో కేంద్రం చట్టం చేసింది. వ్యాధి సోకిందని నమ్మే కారణం ఉంటే చాలు, యజమాని గ్రామ అధికారికి గానీ పంచాయతీకి గానీ తెలపాల్సిందే. పశువైద్యశాలకు మీరే ఫోను చేస్తే ఇంకా మంచిది, ఒక పూట కలిసివస్తుంది.

రైతు: చెబితే ఆవును చంపేస్తారని ఊళ్లో భయపెడుతున్నారండి.

డాక్టర్: ఆ భయంతోనే రోగాన్ని దాచిపెడుతున్నారు, దాంతో ఊరంతా పాకుతోంది. గాలికుంటు వచ్చిన ప్రతి ఆవునూ చంపాలని చట్టంలో లేదు. వ్యాప్తిని ఆపడానికి తప్పదని పశువైద్యుడు భావిస్తేనే, అదీ రాతపూర్వక ఉత్తర్వుతోనే, ఆ పని జరుగుతుంది. జబ్బు పశువును సంతకు తేవడం మాత్రం నేరం. మీ ఆవు సొంగ పడిన చోట మూతి పెట్టిన ప్రతి పశువూ ఆ వైరస్‌ను తన ఊరికి మోసుకుపోతుంది.

రైతు: మరి ఇప్పుడు ఏం చేయమంటారు?

డాక్టర్: వెంటనే విడిగా కట్టేయండి. ఊరి బీటికి, చెరువుకు వదలకూడదు, ఇదీ చట్టం చెప్పిందే. కుడితి తొట్టి కూడా వేరుగా ఉండాలి. మంచి ఆవుల పాలు ముందు పితికి, దీని దగ్గరకు చివర వెళ్లండి. దూడను దీని పాలు తాగనివ్వకండి. వైరస్ గుండెకు పాకి లేత దూడలు ఉన్నట్టుండి చనిపోతాయి. టీకాలు వేయించారా?

రైతు: పోయినసారి తప్పిపోయిందండి.

డాక్టర్: 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఉచితంగా ఆరు నెలలకోసారి వేస్తున్నారు. మీ ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తే టీకా తప్పనిసరి అవుతుంది, పశువుల రాకపోకలకూ సంతలకూ ఆంక్షలుంటాయి. మిగతా అయిదింటికి టీకా ఎప్పుడన్నది మీ డాక్టర్ చూసి చెబుతారు.

వ్యాఖ్యాత: మరో ఫోను. చెప్పండమ్మా.

మహిళ: పొద్దున మా గేదె ఉన్నట్టుండి చనిపోయిందండి. ముక్కులోంచి నల్లటి రక్తం వస్తోంది. కాలువలో వేద్దామంటున్నారు.

డాక్టర్: వద్దమ్మా! అది దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. చర్మం ఒలవనివ్వకండి, కోయనివ్వకండి. గాలి తగిలితే ఆ క్రిములు గట్టి బీజాలుగా మారి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మనుషులకూ సోకుతుంది. వ్యాధితో చనిపోయిన పశువును కాలువలో వేస్తే చట్టంలో విడిగా శిక్ష ఉంది. డాక్టర్ వచ్చి, సున్నం వేసి లోతుగా పూడ్పించేదాకా కుక్కలు, కాకులు వాలకుండా ఎవరినైనా కాపలా ఉంచండి.

మహిళ: కార్యక్రమం అయ్యాక పంచాయతీకి వెళతానండి.

డాక్టర్: అంతవరకు ఆగకండమ్మా. ఫోను పెట్టేసి ఇప్పుడే చెప్పండి.