విరాళం అడిగే ముందు: చిన్న సంస్థల కోసం

నమస్తే అండి. ఊళ్లో ట్యూషన్ సెంటరో, వృద్ధాశ్రమమో నడుపుతూ డబ్బు ఎలా తేవాలా అని టెన్షన్ పడేవాళ్ల కోసం ఈ వీడియో చేస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. సంస్థ పెట్టిన రెండో ఏడు, ఒక అమ్మాయి ఫీజు కోసం ఆమె ఫోటో వాట్సాప్‌లో పెట్టి చందా అడిగాను. వాళ్ల నాన్న తాగుడు గురించి కూడా రాశాను. రెండు రోజుల్లో డబ్బు వచ్చింది. ఆ పోస్టు ఆ అమ్మాయి క్లాసు పిల్లల దాకా కూడా వెళ్లింది. వారం రోజులు ఆమె బడి గడప తొక్కలేదు. వాళ్లమ్మ వచ్చి, "ఫీజు కట్టకపోయినా బాగుండేది సార్" అంది. ఫోటో వాడుకోవడానికి ముందే ఆవిడను సంతకం అడిగాను, నిజమే. కానీ సాయం కోసం వచ్చిన తల్లి వద్దని ఎలా అంటుంది? సాయానికీ ఫోటోకూ ముడి పెట్టకూడదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. పైన ఉన్నది పాత పద్ధతి: "ఈ అభాగ్యుల బతుకు మీ చేతుల్లోనే ఉంది." కింద ఉన్నది మేం ఇప్పుడు రాసేది: "సాయంత్రం 40 మంది పిల్లలు మా దగ్గర చదువుకుంటున్నారు. ఇద్దరు టీచర్లకు ఏడాదికి 1,44,000, గది అద్దె 60,000, పుస్తకాలకు 36,000. మొత్తం 2,40,000 రూపాయలు. ఇప్పటికి 90,000 వచ్చాయి." ఎవరి కన్నీళ్లూ లేవు. ఇచ్చేవాళ్లకు లెక్క కనిపిస్తోంది. ఫోటో కావాలంటే గది, నల్లబల్ల, టీచర్ చాలు.

కొన్ని సందర్భాల్లో వివరాలు బయటపెట్టకపోవడం చట్టం కూడా. బాలల సంక్షేమ కమిటీ ముందుకు వచ్చిన పిల్లల పేరు, ఫోటో, బడి వివరాలు బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాల గోప్యతకు 2017లో చేసిన చట్టం విడిగా ఉంది.

ఇక నిధులు. చాలామంది మొదట కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సమాజం కోసం కంపెనీలు పెట్టాల్సిన ఖర్చు, వెంట పడతారు. నికర లాభం 5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలన్నది నిజమే. కానీ ఆ డబ్బు తీసుకోవాలంటే 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్-1 (కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదు) నంబరు ఉండాలి. కొత్త సంస్థకు అది దూరపు కొండ. మీ వీధి నుంచి మొదలుపెట్టండి. నెలకు 200 ఇచ్చే వంద మంది, ఒకేసారి లక్ష ఇచ్చి మాయమయ్యే ఒక్కరి కన్నా నాకు నమ్మకం. అందరికీ రసీదు ఇవ్వండి. 2,000 దాటి నగదుగా ఇస్తే 80జి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే రాదు. ఈ రెండూ ముందే చెప్పండి. పన్ను మిగులుతుందని ఆశపెట్టి తీసుకోవడం మోసమే.

మన తెలుగువాళ్లు ఎక్కువగా పొరపడేది అమెరికా డబ్బు దగ్గర. డల్లాస్‌లో ఉన్న మన ఊరి అబ్బాయికి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ తీసి ఫైల్లో పెట్టుకోండి. అదే అబ్బాయి అమెరికా పౌరుడైతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. అనుమతి ఉన్నా, ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. "మనవాడే కదా" అని మామూలు ఖాతా నంబరు ఇచ్చేయకండి. సంస్థ మీదికే వస్తుంది.

చివరగా ఒకటి. పోయినేడాది మాకు పుస్తకాల డబ్బులో 4,000 మిగిలింది. కరెంటు బిల్లు బాకీ ఉంది, అయినా అందులోంచి కట్టలేదు. ఇచ్చినవాళ్లకు మెసేజ్ పెట్టాం: "పుస్తకాలు కొనగా ఇంత మిగిలింది. కరెంటు బిల్లుకు వాడమంటారా, వచ్చే ఏడాది పుస్తకాలకు ఉంచమంటారా?" ఎక్కువ మంది బిల్లు కట్టేయమన్నారు. ఇద్దరు మాత్రం పుస్తకాలకే ఉంచమన్నారు. వాళ్లిద్దరి డబ్బు అలాగే పక్కన పెట్టాం.

ఆ మెసేజ్ నమూనా ఇదిగో, స్క్రీన్ మీద ఉంది. ఆపుకుని రాసుకోండి.