నిమ్మకొమ్మ మీద ఒక ఉదయం: ప్యూపా నుంచి అప్పుడే వెలువడిన సీతాకోకచిలుక

[దృశ్యం: పొదలకూరు దగ్గర ఒక ఇంటి పెరడు. రాత్రి కురిసిన వానకు తడిసిన నిమ్మచెట్టు.]

నమస్కారం. నిమ్మకాయల మార్కెట్టుకు పేరుపడిన ఈ నెల్లూరు జిల్లా ప్రాంతంలో నిమ్మ సీతాకోకచిలుకను చూడటానికి అడవులు పట్టుకుని తిరగనక్కరలేదు. లేత చిగురు ఎక్కడ ఉంటే తల్లి అక్కడికే వచ్చి, ఒక్కొక్క ఆకు మీద ఒక్కొక్క గుడ్డు పెట్టిపోతుంది. దీని శాస్త్రీయ నామం పపీలియో డెమోలియస్. మొదట పిట్టరెట్టలా కనిపించే గొంగళిపురుగు, పెరిగేకొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. దీనివల్ల నర్సరీ మొక్కలకు నష్టం కలిగే మాట నిజమే కానీ, ఏపుగా పెరిగిన పెరటిచెట్టుకు నాలుగు ఆకులు పోయినా లోటు లేదని నా అభిప్రాయం.

[దగ్గరి దృశ్యం: ప్యూపా]

తోక కొసను కొమ్మకు అతికించుకుని, నడుముకు సన్నని పట్టుదారం చుట్టుకుని నిలబడిన ఈ ప్యూపా, అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గుల్ల దశ, నిన్న సాయంత్రానికి నల్లబడింది. పైపొర పలచబడి, లోపలి రెక్కల పసుపు మచ్చలు బయటికి కనిపిస్తున్నాయంటే మరునాటి ఉదయం కనిపెట్టుకుని ఉండాలన్నమాట.

[దృశ్యం: ప్యూపా పగలడం]

తల వెనుక పొర చిట్లింది. కాళ్ళతో గుల్లను పట్టుకుని బయటికి వచ్చిన ఈ జీవిని మొదటిసారి చూసినవారు అవిటిదేమో అనుకుంటారు, ఎందుకంటే పొట్ట ఉబ్బి ఉంటుంది, రెక్కలేమో పిండి పడేసిన గుడ్డపేలికల్లా ముడుచుకుని ఉంటాయి. ఆ పొట్టలోని ద్రవమే ఇప్పుడు రెక్కలకు ఆధారం. హీమోలింఫ్ అనే ఈ కీటక రక్తాన్ని శరీరం నొక్కి రెక్కల ఈనెల్లోకి పంపుతూ ఉంటే, మడతలు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. రెక్కలు ఇప్పుడు కొత్తగా పెరగడం లేదు. ప్యూపాలోనే పూర్తిగా తయారైన రెక్కలు ఇప్పుడు సాగి విచ్చుకుంటున్నాయంతే.

తల కింద చూడండి. పూలతేనె పీల్చే గొట్టం ఇంకా రెండు పాయలుగానే ఉంది. ఆ పాయలను మళ్ళీ మళ్ళీ చుట్టుతూ, చాస్తూ, రెంటినీ కలిపి ఒకే గొట్టంగా అమర్చుకుంటోంది. ఈ పని చూస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టాను.

ఒకప్పుడు నేను ఒక ప్యూపాను నున్నటి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. బయటికి వచ్చిన సీతాకోకచిలుక ఎక్కి వేలాడటానికి పట్టు దొరక్క అడుగునే పడి ఉండటంతో, రెక్కలు ముడతలతోనే ఎండిపోయాయి. దూదితో చక్కెరనీళ్ళు పట్టినా అది ఇక ఎగరలేదు. అందుకే ప్యూపాను ఇంటికి తెచ్చుకునేవారు డబ్బాలో గరుకైన పుల్ల తప్పక ఉంచండి, రెక్కలు ఆరేదాకా వేలితో తాకకండి.

[దృశ్యం: పూర్తిగా విప్పిన రెక్కలు]

నలుపు మీద పసుపు మచ్చలు, వెనుక రెక్క అంచున ఎర్రటి బొట్టు. దీనికి రెక్కతోక ఉండదు. పొట్ట చివరి నుంచి జారిన ఈ చుక్క రక్తం కాదు, ప్యూపా దశలో పేరుకున్న వ్యర్థం. రెక్కలు గట్టిపడటానికి గంటకు పైగానే పట్టింది. రెండుసార్లు మెల్లగా ఆడించి, మూడోసారికి గోడ దాటి పక్కింటి బంతిపూల వైపు వెళ్ళిపోయింది.

[చివరి దృశ్యం: కొమ్మ మీద ఖాళీ గుల్ల. నడుముకు చుట్టుకున్న పట్టుదారం ఇంకా తెగలేదు.]