యుద్ధనౌక బొమ్మ గీసేముందు వేడి ఎటు పోతుందో చూడండి

అందరికీ నమస్కారం. సైన్స్ ఫిక్షన్ రాయాలనుకునేవాళ్లు ఇంతమంది ఒకేచోట కనబడటం నాకు చాలా సంతోషంగా ఉంది. నాలుగేళ్లుగా నేను ఒక నవల కోసం అంతరిక్ష నౌకాదళాన్ని కల్పించుకుంటూ వస్తున్నాను. అందులో ఏ నౌక ఎందుకు అలా ఉందో మీకు చెబుదామని వచ్చాను.

ముందు మనందరికీ తెలిసిన ఒక నౌక. విశాఖ బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కురుసుర ఉంది కదా, సోవియట్ యూనియన్‌లో కట్టిన సబ్‌మెరైన్. 1969లో మన నౌకాదళంలో చేరింది, 2002 నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు, అందులో దాదాపు 75 మంది బతికేవాళ్లు. లోపల తల వంచి, కాలు ఎత్తి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దాటుతుంటే రెండు పక్కలా గొట్టాలు, చక్రాలు, మీటర్లు భుజానికి తగులుతుంటాయి. మనిషి పడుకునే చోటు చూస్తే రైల్లో అప్పర్ బెర్తే నయమనిపిస్తుంది. ఒకసారి మే నెలలో మా అమ్మాయితో వెళ్లాను. వెనకాల జనం ఆగిపోయి ఐదు నిమిషాలు కదల్లేదు, చొక్కా మొత్తం తడిసిపోయింది. అప్పుడే అనుకున్నాను, నా నౌకల గురించి ఇన్నాళ్లూ తప్పు వైపు నుంచి ఆలోచిస్తున్నానని.

ఎందుకంటే కురుసుర లాంటివే, ఫాక్స్‌ట్రాట్ తరగతి అంటారు, నాలుగు సబ్‌మెరైన్లని 1962 అక్టోబరులో సోవియట్ యూనియన్ క్యూబా వైపు పంపింది. చలి సముద్రాల కోసం కట్టినవి వెచ్చటి నీళ్లలోకి వెళ్లేసరికి లోపల 45 డిగ్రీలు దాటింది, బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, గాలి చెడిపోతోంది. అక్టోబరు 27న బి-59 అనే సబ్‌మెరైన్ చుట్టూ అమెరికా నౌకలు హెచ్చరికగా చిన్న పేలుడు గుళ్లు వదులుతుంటే, కెప్టెన్ అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడని, వాసిలీ అర్ఖిపోవ్ అనే అధికారి ససేమిరా అన్నాడని లోపల ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు. ఆ గదిలో అంత ఉక్క లేకపోతే ఆ మాట అక్కడిదాకా వచ్చేదా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఇప్పుడు అంతరిక్షంలోకి వద్దాం. అక్కడ చలి కదా, నౌక ఇట్టే చల్లబడిపోతుంది అని చాలామంది రాస్తారు. ఇంట్లో టీ ఫ్లాస్కు చూడండి. రెండు గోడల మధ్య గాలి తీసేశారు కాబట్టే టీ గంటల తరబడి వేడిగా ఉంటుంది. అంతరిక్ష నౌక అంటే ఆ ఫ్లాస్కులో కూర్చున్న మనుషులు. వేడి బయటికి పోవడానికి ఒకటే దారి, పెద్ద పెద్ద రేకుల్లాంటి రేడియేటర్ల నుంచి కిరణాలుగా పోవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమ్మోనియా గొట్టాలున్న రేడియేటర్లు సుమారు 70 కిలోవాట్ల వేడిని బయటికి పంపగలవు. మన ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీలు పదమూడు చేసే పని అది. అదీ తుపాకీ ఒక్కటి కూడా లేని నౌకకి.

దానికి ఒక లేజర్ పెట్టండి. పది మెగావాట్ల లేజర్, ఇచ్చిన కరెంటులో మూడో వంతు కాంతిగా మారుతుందనుకుందాం. మిగతా 20 మెగావాట్లు వేడే. రేడియేటర్ 27 డిగ్రీల దగ్గరుంటే చదరపు మీటరుకి 460 వాట్లే పోతాయి, అంటే పదెకరాల పైన రేకు కావాలి. అదే 327 డిగ్రీల దాకా కాగనిస్తే పదహారు రెట్లు పోతుంది, ముప్పాతిక ఎకరం లోపు సరిపోతుంది. కానీ మనుషులుండే గదిని ఆ వేడి దగ్గర ఉంచలేం కదా. అందుకే నా నౌకలన్నిటికీ రెండు రకాల రేడియేటర్లు, బాగా కాగే చిన్నవి యంత్రాలకి, చల్లగా ఉండే పెద్దవి మనుషులకి. దూరం నుంచి చూస్తే నౌక కనబడదు, రెక్కలే కనబడతాయి. దాక్కోవడం కూడా కుదరదు, చుట్టూ మైనస్ 270 డిగ్రీల చీకట్లో అది కొండ మీద దీపం.

పేర్ల సంగతికి వస్తే, డిస్ట్రాయర్, ఫ్రిగేట్ అని అరువు తెచ్చుకోవద్దని నా మనవి. డిస్ట్రాయర్ అనే మాట మొదట టార్పెడో పడవల్ని వేటాడే నౌక పేరు. 1893 నాటి బ్రిటిష్ హేవాక్ 250 టన్నులు ఉంటే గొప్ప. ఇవాళ మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం కూడా డిస్ట్రాయరే, 7,400 టన్నులు. పేరు నిలిచింది, పని మారిపోయింది. మన నౌకకి దాని పనినిబట్టి మన భాషలోనే పేరు పెడితే చదివేవాడికి వెంటనే అర్థమవుతుంది.

నా దళంలో నాలుగే రకాలు. వేగు నౌకలో మనుషులు ఉండరు, చూసి చెప్పడమే దాని పని. మోత నౌకలు ఇంధనం తెస్తాయి, కథలో అందరూ వీటిని మర్చిపోతారు గానీ ఇవి లేకపోతే మిగతావి కదలవు. శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని తీసుకెళ్లిన రాకెట్ బరువు 640 టన్నులు, మోసింది నాలుగు టన్నుల లోపే, అందులోనే తెలుస్తుంది. వేట నౌక క్షిపణులు విసురుతుంది, దానికి వేడి తక్కువ. సెకనుకి మూడు కిలోమీటర్ల వేగంతో కిలో ఇనుము తగిలినా కిలో టీఎన్‌టీ పేలినంత పని చేస్తుంది కాబట్టి పేలుడు మందు కూడా అక్కర్లేదు.

చిన్న ఫైటర్ విమానాలు ఎందుకు లేవని అడుగుతారు. పైలట్ వెళ్లాలి, ఆగాలి, తిరిగి రావాలి, మళ్లీ ఆగాలి. క్షిపణి ఒక్కసారి వెళ్తే చాలు. 1903లో సియోల్కోవ్‌స్కీ ప్రచురించిన లెక్క ప్రకారం, ఇంజను వదిలే వాయువుకి ఎంత వేగముందో అంత వేగం ఒక్కసారి అందుకోవాలంటే ఖాళీ బరువుకి 2.7 రెట్ల బరువుతో బయల్దేరాలి. నాలుగుసార్లకి 55 రెట్లు. అంత ఇంధనం మోసేదాన్ని చిన్న విమానం అని ఎలా అంటాం?

ఇక కావలి నౌక. నాకు ప్రాణం ఇదే. మీదికి వచ్చే క్షిపణుల్ని లేజర్లతో కాల్చేది. ఓడలా పడుకుని ఉండదు, ఇంజను తోసే దిక్కే మనకి పైన అవుతుంది కాబట్టి అపార్ట్‌మెంట్‌లా అంతస్తులు, అట్టడుగున ఇంజను. మనుషులు నడుమ అంతస్తుల్లో, చుట్టూ మంచు ట్యాంకులు. కిటికీలు లేవు. యుద్ధానికి ముందు రేడియేటర్లు మడిచేయాలి, లేకపోతే ముందు పగిలేవి అవే. మడిచాక వేడంతా మంచులోకే పోతుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు, మన లేజర్ ఒక్కదానికే సెకనుకి 60 కిలోలు, నిమిషానికి 3.6 టన్నులు. నౌకకి కరెంటు ఇచ్చే రియాక్టర్ వేడి ఇంకా కలపలేదు. అంటే ఈ నౌకకి ఆయుధం ఎంతసేపు పనిచేస్తుందో చెప్పేది మంచు మీటరు.

ఇప్పుడు నేను రాస్తున్న అధ్యాయంలో ఆ మీటరు నాలుగు టన్నుల దగ్గరుంది. లోపల 46 డిగ్రీలు. ఇంకో పది క్షిపణులు వస్తున్నాయి. రేడియేటర్లు విప్పాలా, ఇంకో నిమిషం కాల్చాలా? కింది అంతస్తులోంచి ఇంజనీరు, "సార్, ఇంక కాల్చొద్దు, విప్పండి" అంటోంది, కెప్టెన్‌కి ఆమె మాట వినబడుతోంది గానీ చెమటకి కళ్లు మండి మీటరు కనబడట్లేదు. ఆయన ఏం చేస్తాడో మూడుసార్లు రాసి కొట్టేశాను.

కావలి నౌక కొలతలన్నీ వెనక బోర్డు మీద రాసి పెట్టాను. లెక్కలు బాగా వచ్చినవాళ్లు రేడియేటర్ వైశాల్యం ఒకసారి సరిచూసి, తప్పుంటే నాకు ఇక్కడే చెప్పండి.