ఇంటి మిషన్ మీద క్యాంపింగ్ బరకం కుట్టుకుందాం

నమస్కారం అండీ. నా చేతిలో ఉన్న ఈ చిన్న మూట చూడండి. విప్పితే ఇంచుమించు 2.9 మీటర్ల చదరం. ఇద్దరు పడుకుని, పక్కన బ్యాగులు కూడా పెట్టుకోవచ్చు. ట్రెక్కింగ్‌కి వెళ్ళేవాళ్ళు దీన్ని టార్ప్ అంటారు, మనం బరకం అంటాం. వడ్లు ఆరబోసే బరకాన్ని వీపున వేసుకుని కొండెక్కలేం కదా, ఇది మాత్రం ముప్పావు కిలో లోపే. ఇంట్లో ఉన్న మామూలు కుట్టుమిషన్ మీదే కుట్టాను. మీకు జాకెట్టు కుట్టడం రాకపోయినా ఫర్వాలేదు. ఇందులో మెడలు, చంకలు ఉండవు, అన్నీ తిన్నని కుట్లే. గట్టి జాగ్రత్త కావాల్సింది రెండు ముక్కల్ని కలిపే నడిమి కుట్టు దగ్గర.

ముందు గుడ్డ సంగతి. ఒక వైపు పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న పాలిస్టర్ రిప్‌స్టాప్ అడగండి. అందులో చిన్న చిన్న గళ్ళుగా మందపు పోగులు నేసి ఉంటాయి, చిరుగు పడినా తొందరగా పాకదు. నైలాన్ కూడా గట్టిదే, కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టింది తెల్లారేసరికి జోలెలా వేలాడుతుంది. అందుకే మొదటిసారికి పాలిస్టరే తీసుకోండి. కొట్లో వాటర్‌ప్రూఫ్ అన్నా సరే, గుడ్డను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. అవతలికి గాలి వచ్చిందంటే వాన కూడా వస్తుంది.

నేను కొన్నది 70 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 70 గ్రాముల గుడ్డ, 150 సెంటీమీటర్ల పన్నా, ఆరున్నర మీటర్లు. 3 మీటర్ల ముక్కలు రెండు కత్తిరించాక మిగిలిన అర మీటరు అతుకులకు సరిపోతుంది. దారం పాలిస్టర్‌దే వాడండి, నూలు దారం తడికి చివికిపోతుంది. సూది 14 నంబరు, కొత్తది. ఉచ్చులకు అంగుళం వెడల్పు నవారు మీటరున్నర. ఇస్త్రీపెట్టె దగ్గరికి తేవద్దు, మడతలు గోటితో గీస్తే చాలు.

ఇప్పుడు నడిమి కుట్టు. ముక్కలు కదలకుండా చాలామంది గుండుసూదులు గుచ్చుతారు. నా మొదటి బరకానికి నేనూ గుచ్చాను. లంబసింగిలో డిసెంబరు మంచు రాత్రంతా దాని మీద పేరుకుని, ఆ బెజ్జాల్లోంచి ఒక్కో చుక్కా దుప్పటి మీద పడింది. ఈ గుడ్డలో ఒకసారి పడిన బెజ్జం పూడదు. అందుకని బట్టలారేసే క్లిప్పులు వాడండి. కుట్టు తప్పుపోయి విప్పినా బెజ్జాలు మిగులుతాయి, కాబట్టి ముందు చిన్న ముక్క మీద ఒకటికి రెండుసార్లు కుట్టి చూసుకోండి.

రెండు ముక్కల పూత లేని వైపులు ఎదురెదురుగా పెట్టండి. అంచులు సమానంగా వద్దు, కింది ముక్క ఒక సెంటీమీటరు బయటికి రావాలి. పై ముక్క అంచు (ఇదే చిన్న అంచు) నుంచి సెంటీమీటరు లోపలికి మొదటి కుట్టు వేయండి. ఆ బయటికొచ్చిన అంచును చిన్న అంచు మీదకి మడవండి. ఇప్పుడు గుడ్డలు రెండూ విప్పి పరిచి, ఆ మడతను ఒక పక్కకి పడుకోబెట్టి, దాని అంచు మీద రెండో కుట్టు. మీ జీన్స్ ప్యాంటు కాలు తిప్పి చూడండి, సరిగ్గా ఇదే కుట్టు కనిపిస్తుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టండి. మరీ సన్నంగా కుడితే పోస్టల్ స్టాంపు అంచులా బెజ్జాలు దగ్గరై అక్కడే చిరుగుతుంది. గుడ్డను లాగకండి, మిషన్ ఎంత తీసుకుంటే అంతే ఇవ్వండి. పూత మిషన్ ఫుట్‌కి (గుడ్డను నొక్కిపట్టే పాదానికి) అంటుకుని కదలకపోతే మధ్యలో పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి.

నాలుగు మూలలకు 16 సెంటీమీటర్ల చదరపు ముక్కల్ని త్రికోణంగా మడిచి, పూత ఉన్న వైపు పెట్టండి. మడత బరకం లోపలికి చూడాలి, విడి అంచులు చుట్టూ వచ్చే పట్టీలోకి వెళ్ళిపోతాయి. గాలి లాగినప్పుడు బరువంతా మూలల మీదే పడుతుంది, ఈ పని వదిలేయకండి. తర్వాత నాలుగు వైపులా సెంటీమీటరు చొప్పున రెండుసార్లు మడిచి పట్టీ కుట్టేయండి. నడిమి కుట్టు చివరలు వచ్చేచోట 12 పొరలు అవుతాయి. అక్కడ మోటారుతో తొక్కితే సూది విరుగుతుంది. ఫుట్ కిందికి దించే ఉంచి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేయండి.

నవారు 15 సెంటీమీటర్ల ముక్కలు ఎనిమిది కోయండి. కొసలు పోగులు రాకుండా మంటకి కాస్త చూపించండి. మూలలకు నాలుగు, నడిమి కుట్టు చివరలకు రెండు, మిగిలిన రెండు వైపుల మధ్యలో ఒక్కోటి. ఆ మధ్యలో వచ్చేవాటి కింద కూడా చిన్న అతుకు వేయండి. నవారును సగానికి మడిచి, 3 సెంటీమీటర్లు గుడ్డ మీదకి తెచ్చి, పెట్టెలా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేయండి.

చివరిగా పీయూ సీమ్ సీలర్‌ని (కుట్ల బెజ్జాలు మూసే జిగురుని) చిన్న బ్రష్‌తో నడిమి కుట్టుకీ అతుకుల కుట్లకీ పూత వైపు నుంచి పట్టించి, రాత్రంతా ఆరనివ్వండి. సిలికాన్ పూత గుడ్డ కొన్నవాళ్ళు సిలికాన్ సీలరే వాడాలి, దాని మీద ఇంకేదీ అంటుకోదు.

అడవికి తీసుకెళ్ళేముందు డాబా మీద కట్టి చూడండి. బట్టల తాడు మీదుగా నడిమి కుట్టు వచ్చేలా వేసి, మూలలు కిందికి లాగి కట్టండి. తాడు అలా అడుగున ఉంటే కుట్టు మీద లాగుడు తగ్గుతుంది. బకెట్టు నీళ్ళు నడిమి కుట్టు మీద మెల్లగా పోసి, కిందకి దూరి చూడండి. చుక్క కనిపించినచోట సుద్దతో గుర్తు పెట్టి, ఆరాక మళ్ళీ సీలర్ రాయండి. దీని కింద మంట మాత్రం వేయొద్దు, పాలిస్టర్ కరిగిపోతుంది. ఊరి నుంచి రాగానే నీడలో పూర్తిగా ఆరబెట్టి మడవండి. తడి మీద మడిచి దాచితే పూత జిగురుగా మారి ఊడిపోతుంది.