జిప్సీ నుంచి జిమ్నీకి: తోట బాటలో తేడా ఎక్కడ?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ ఇది. బంగారుపాళెం దగ్గర మామిడి తోట ఉన్న రైతు, తిరుపతిలో షెడ్డు నడిపే మెకానిక్, అటవీశాఖలో డ్రైవరుగా చేసి రిటైరైన పెద్దాయన పాల్గొన్నారు.)

యాంకర్: అందరికీ నమస్కారం. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో జిప్సీని ఎరగని ఊరు ఉండదు. 1985లో వచ్చిన మారుతి ఫోర్ వీల్ బండి, అంటే కావాల్సినప్పుడు నాలుగు చక్రాలూ లాగే బండి. 2023 జూన్‌లో ఐదు డోర్ల జిమ్నీ వచ్చింది. రెండూ సుజుకి వాళ్ల ఒకే వంశం. అన్నా, మీరు రెండూ నడిపారు కదా, తేడా మొదట ఎక్కడ తెలిసింది?

రైతు: మా నాన్నకు తెలిసిందమ్మా. జిప్సీకి ముందూ వెనకా స్ప్రింగులంటే ఇనుప పట్టీలే. ఖాళీ బండి తోట బాటలో పోతుంటే ప్రతి రాయీ వెన్నుకు తగిలేది. నాన్నను చిత్తూరులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయేటప్పుడు ముందు సీట్లో దిండు వేసి కూర్చోబెట్టేవాణ్ణి. జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు. అదే బాటలో ఆయన ఇప్పుడు కునుకు తీస్తాడు.

యాంకర్: అయితే కొత్తదే మేలంటారా?

రైతు: మనిషికి మేలు. పనికి మాత్రం నేను పాతదాన్నే తలుచుకుంటా. జిప్సీ వెనక ఎదురుబొదురు బల్లల మీద కూలీలు కూర్చునేవాళ్లు. తోతాపురి కోతప్పుడు అక్కడే క్రేట్లు పెట్టేవాళ్లం. జిమ్నీలో నలుగురికే చోటు. సీట్లు లేపి ఉంచితే వెనక మిగిలేది 208 లీటర్లు. కోత రోజుల్లో వేరే బండి మాట్లాడుకోవాల్సిందే.

మెకానిక్: అన్న చెప్పింది నిజం. కానీ కిందికి దూరి చూస్తే రెండూ అన్నదమ్ములే. నిచ్చెన లాంటి ఛాసిస్, ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్, లో రేంజికి, అంటే మెల్లగా ఎక్కువ బలంతో లాగే గేరుకు, చేత్తో లాగే రాడ్డు, అన్నీ ఉన్నాయి. బలం సంగతి కూడా చెబుతా. 2000లో వచ్చిన ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే ఇంజిన్) జిప్సీకి 80 హార్స్‌పవర్, బరువు 985 కిలోలు. జిమ్నీకి దాదాపు 105, బరువు 1,200 కిలోల దగ్గర. టన్నుకు లెక్కేస్తే అది 81, ఇది 87. పెద్ద తేడా లేదు. అసలు తేడా ముందు చక్రాల హబ్బులో, అంటే చక్రాన్ని ఇరుసుకు కలిపే నడిమి భాగంలో ఉంది. అది పెద్దాయన చెబితేనే బాగుంటుంది.

అటవీశాఖ డ్రైవర్: పలమనేరు పక్క కౌండిన్య అడవిలో పనిచేశానమ్మా. ఏనుగులు చెరుకు తోటలో దిగాయని రాత్రి పూట కబురొస్తే బయల్దేరాలి. వంక దగ్గరికి రాగానే బండి ఆపి దిగాలి. బురదలో గొంతుకూర్చుని, టార్చి నోట్లో పెట్టుకుని, హబ్ మీది మన్ను గుడ్డతో తుడిచి, ఆ గుండ్రటి బిళ్లను ‘ఫ్రీ’ నుంచి ‘లాక్’కి తిప్పాలి. లోపల టక్కుమని పట్టుకోవాలి. తర్వాత అటుపక్క చక్రం. హడావుడిలో ఒక పక్క తిప్పి రెండోది మరిచామా, లోపల రాడ్డు పడినా ముందు చక్రాలు లాగవు. తిప్పని పక్క ఇరుసు ఊరికే తిరుగుతుంది, వెనక చక్రాలు గోతిలో దిగబడతాయి. అందుకే వంక వచ్చేదాకా ఆగకుండా, అడవి మొదట్లోనే తిప్పుకునేవాణ్ణి. ముందుచూపు అట్ల అలవాటైంది నాకు.

మెకానిక్: జిమ్నీలో ఆ హబ్ వాక్యూమ్‌తో దానంతటదే పడుతుంది. రాడ్డు లాగితే చాలు. ఇంకొకటి, గట్టు అడ్డంగా దాటేటప్పుడు ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం గాల్లోకి లేస్తాయి. జిప్సీ అక్కడ నిలబడిపోయేది, గాల్లో చక్రాలే గిర్రున తిరిగేవి. జిమ్నీలో తిరిగే చక్రాన్ని బ్రేకు పట్టుకుంటుంది, బలం నేల మీది చక్రానికి పోతుంది. అప్పుడు కింద కటకటమని శబ్దం వస్తుంది. చాలామంది ఏదో విరిగిందని టెన్షన్ పడి యాక్సిలరేటర్ వదిలేస్తారు. వదలకూడదు, సన్నగా నొక్కే ఉంచాలి.

రైతు: ఆ శబ్దానికి నేనూ మొదటిరోజు వదిలేశా. కానీ ఒక చోట జిమ్నీకి ఇబ్బందే. కాలవ గట్టు ఎక్కి దిగేటప్పుడు బండి పొట్ట నేలకు తగులుతుంది.

మెకానిక్: ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం జిప్సీకి 2375 మిల్లీమీటర్లు, జిమ్నీకి 2590. బయటి దేశాల్లో అమ్మే మూడు డోర్ల జిమ్నీకి 2250 మాత్రమే. వెనక డోర్లు కావాలన్నాం, పొడవు పెరిగింది. గట్టును కాస్త ఏటవాలుగా ఎక్కించాలి.

యాంకర్: పెట్రోలు, ట్యాంకు సంగతి?

మెకానిక్: రెండూ పెట్రోలే, రెండింటికీ 40 లీటర్ల ట్యాంకే. డీజిల్ కావాలనేవాళ్లు వేరే బండి చూసుకోవాలి.

యాంకర్: తిరుమల ఘాట్‌లో ఫోర్ వీల్ వేస్తే గట్టిగా పట్టుకుంటుందని మా ఇంట్లోనే అంటుంటారు.

మెకానిక్: ఈ ఒక్క మాట కోసమే నేను ఇక్కడికొచ్చాను మేడమ్. పొడి తారు మీద వేయొద్దు, పాతదైనా కొత్తదైనా. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఫోర్ వీల్ వేసి ముందూ వెనకా కలిపి కట్టేస్తే ఆ తేడా మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. స్టీరింగ్ బిగుసుకుంటుంది, గేర్లు నలుగుతాయి. కిందికి దిగేది 1944 నాటి మొదటి ఘాట్, అన్నీ వంపులే. అక్కడ టూ వీల్‌లోనే చిన్న గేరు వేసి ఇంజిన్‌తో ఆపుకుంటూ దిగండి.

అటవీశాఖ డ్రైవర్: దాంతోపాటు ఇదీ చెప్పాలి. జిమ్నీలో ఆరు ఎయిర్‌బ్యాగులు, గట్టి బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోనివ్వని ఏబీఎస్ ఉన్నాయి. జిప్సీలో మాకు పైన గుడ్డ టాపు, పక్కన కమ్మీ. ఆ బండంటే నాకు ప్రాణం. కానీ నా మనవణ్ణి ఎక్కించుకుని పోవాలంటే జిమ్నీనే తీస్తాను.

యాంకర్: చంద్రగిరి నుంచి ఒకాయన ఫోన్‌లో అడుగుతున్నారు. పాత జిప్సీ ఉంది, ఉంచాలా, అమ్మాలా అని.

మెకానిక్: 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ ఖర్చు పెట్టే ముందు ఛాసిస్ తుప్పు చూపించండి. పట్టీలు కట్టిన చోట సుత్తితో మెల్లగా తట్టితే ఖంగుమనాలి. మొద్దుగా పలికితే, పొరలు రాలితే అమ్మేయండి. గట్టిగా ఉంటే ఉంచుకోండి.

అటవీశాఖ డ్రైవర్: ఉంచుకుంటే మాత్రం మూలన పెట్టొద్దు నాయనా. నెలకోసారి రెండు హబ్బులూ లాక్ చేసి, మట్టి బాటలో నాలుగైదు కిలోమీటర్లు తిప్పు. లోపల ఆయిల్ అన్నిచోట్లా పాకుతుంది. హబ్ తిరగకపోతే స్పానరుతో కొట్టొద్దు, విప్పించి గ్రీజు మార్పించు. ఇంటికొచ్చాక రెండు పక్కలా మళ్లీ ‘ఫ్రీ’కి తిప్పడం మరవొద్దు.