ఫిడేలువాళ్ల బొటనవేలు ఎక్కడుంది?

[తెర మీద: రెండు కుడిచేతులు, బాగా దగ్గర నుంచి. రెండిట్లోనూ కమాను. మొహాలు కనబడవు.]

ఈ రెండు చేతులూ చూడండి. రెండూ వయొలిన్ కమానునే, అంటే తీగల మీద లాగే కర్రనే, పట్టుకున్నాయి. మొదటి చెయ్యి కమాను చిట్టచివర ఉంది. వేళ్లన్నీ మెత్తగా వంగి, చిటికెనవేలు కర్ర మీద నిలబడి ఉంది. రెండో చెయ్యి అక్కణ్నుంచి బెత్తెడు ముందుకు జరిగింది. చిటికెనవేలు గాల్లో ఉంది. బొటనవేలైతే ఏకంగా కమానుకి కట్టిన వెంట్రుకల కింద దూరింది.

చిన్నప్పుడు నేను ఇలా రెండో చేతిలా పట్టుకుంటే మా మాస్టారు మాట్లాడకుండా నా వేళ్లు ఒక్కొక్కటే తీసి సరైన చోట పెట్టేవారు. రోజూ అదే తంతు. అందుకే మొదటిసారి అమెరికాలోని అపలాచియన్ కొండల ఫిడేలువాళ్ల పాత వీడియో చూసినప్పుడు, "అయ్యో, వీళ్లకి ఎవరూ నేర్పలేదు పాపం" అనుకున్నాను. వాళ్ల వాయింపు పూర్తిగా విన్నాక నోరు మూసుకున్నాను.

మనకి ఫిడేలన్నా వయొలినన్నా ఒకటే. నిజానికి వాళ్లకీ అంతే. కచేరీ హాల్లో వాయిస్తే వయొలిన్, పల్లెలో డాన్సుకి వాయిస్తే ఫిడేలు. వాద్యం అదే, కమాను అదే. మరి చెయ్యి ఎందుకు మారింది?

[తెర మీద: వంటిల్లు. అట్లకాడ.]

దీనికి వయొలిన్ అక్కర్లేదు. వంటింట్లోంచి పొడుగు అట్లకాడ ఒకటి తెచ్చుకోండి. కాడ చివర బొటనవేలు కింద, మిగతా వేళ్లు పైన పెట్టి, నేలకి సమానంగా పట్టుకోండి. ముందువైపు కిందికి లాగేస్తోంది కదా? ఇప్పుడు చిటికెనవేలితో కాడ చివరని కిందికి నొక్కండి. ముందు లేస్తుంది. అచ్చం ఏతాం లాగే. బొటనవేలు ఇరుసు, చిటికెనవేలు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క.

ఇప్పుడు చెయ్యి బెత్తెడు ముందుకు జరపండి. బరువు సగమైపోయినట్టుంది. చిటికెనవేలికి పనే లేదు, కావాలంటే తీసేయొచ్చు.

కమాను సంగతీ ఇంతే. దాని బరువు సుమారు 60 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డు. పొడవు 74 సెంటీమీటర్లకి అటూ ఇటూ. వేలి మీద ఆనిస్తే అటూ ఇటూ ఒరగకుండా నిలిచే చోటు, పట్టుకునే చివర నుంచి దాదాపు 24 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. చెయ్యి ఆ చోటికి ఎంత దగ్గరగా జరిగితే కమాను అంత తేలికవుతుంది.

[తెర మీద: కమాను చివర నల్లటి ముక్క మీద బాణం గుర్తు.]

ఈ నల్లటి ముక్క పేరు ఫ్రాగ్. అవును, కప్పే. ఆ పేరెందుకొచ్చిందో నన్నడక్కండి. వెస్టర్న్ క్లాసికల్ విద్యార్థి బొటనవేలు దీని అంచు దగ్గర, కొంచెం వంగి ఉండాలి. రష్యన్ పట్టు, ఫ్రాంకో-బెల్జియన్ పట్టు అని రకాలున్నాయి. చూపుడువేలు కర్రని ఎక్కడ తాకాలన్న దగ్గరే వాటి మధ్య ముఖ్యమైన తేడా. చెయ్యి మాత్రం చివరే ఉంటుంది. కారణం, వాళ్లకి కమాను మొత్తం కావాలి. ఒకే స్వరాన్ని ఫ్రాగ్ నుంచి కొస దాకా, ఎక్కడా సన్నబడకుండా లాగాలి. కొసకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గిపోతుంది కాబట్టి చూపుడువేలు నొక్కాలి. తిరిగి ఫ్రాగ్ దగ్గరికి వచ్చేసరికి బరువెక్కువవుతుంది కాబట్టి చిటికెనవేలు మోయాలి. చూడ్డానికి సుకుమారంగా ఉంటుంది కానీ, ఆ చిటికెనవేలి కష్టం నేర్చుకున్నవాళ్లకే తెలుసు.

ఇక ఫిడేలువాళ్ల దగ్గరికి వద్దాం. అపలాచియన్ వైపు, అంటే వెస్ట్ వర్జీనియా, నార్త్ కరొలినా కొండల్లో పాత తరం వాళ్ల చేతులు చూస్తే అందరిదీ ఒకే పట్టు కాదు. కొందరు ఫ్రాగ్ వదిలేసి కర్ర మీద ముందుకు జరుగుతారు. కొందరు బొటనవేలిని ఫ్రాగ్ కిందో, వెంట్రుకల కిందో పెడతారు. కొందరు పిడికిలి బిగించినట్టే పట్టుకుంటారు. వాద్యాన్ని గడ్డం కింద ఇరికించకుండా ఛాతీకి ఆనించుకునేవాళ్లూ ఉన్నారు. అలా అయితే వాయిస్తూనే పాడొచ్చు, డాన్సు చేసేవాళ్లకి అడుగులు అరిచి చెప్పొచ్చు.

[తెర మీద: చిన్న గదిలో జంటల డాన్సు. శబ్దం లేదు.]

ఈ డాన్సే అసలు సంగతి. మైకుల్లేని రోజులు. ఒక ఇంట్లో సామాన్లన్నీ గోడవారకి జరిపి అందరూ డాన్సు చేస్తుంటే, చాలాసార్లు ఉన్న వాద్యం ఫిడేలొక్కటే. రాగం అదే ఇవ్వాలి, తాళం కూడా అదే ఇవ్వాలి. ఒకరు వాయిస్తుంటే పక్కన ఇంకొకరు సన్నటి పుల్లలతో అదే తీగల మీద దరువు వేసే అలవాటు కూడా ఉండేది. ఒకే ఫిడేలు మీద ఇద్దరు!

అలాంటప్పుడు కమాను కొస దాకా లాగే తీరికెక్కడ? షఫుల్ అని ఒక కమాను నడక ఉంది. ఒక పొడుగు, రెండు పొట్టి. ఛందస్సు చదువుకున్నవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే భగణం. గురువు, లఘువు, లఘువు. అది రాత్రంతా ఆగకుండా నడవాలి. కర్ర మధ్యభాగంలో పొట్టి గీతలు, అంటే చిన్న చిన్న కమాను లాగుళ్లు, మణికట్టు ఊపు, రెండు తీగలు కలిపి మోగించడం. తేలికైన కమాను కావాలి కాబట్టి చెయ్యి ముందుకు జరిగింది. నష్టం లేకపోలేదు. ఫ్రాగ్ దగ్గరి ఆ బెత్తెడు కమాను వాడకుండానే పోతుంది, చాలాసేపు లాగే స్వరం చిక్కిపోతుంది. ఆ పని వాళ్లకి అవసరం లేదు, అంతే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం.

[తెర మీద: పాత చెక్కుడు బొమ్మ, పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి రాజదర్బారు.]

బొటనవేలు వెంట్రుకల కింద పెట్టడం పల్లెటూరి పొరపాటని కదా అనుకున్నాం? జార్జ్ ముఫాట్ అనే స్వరకర్త 1698లో ఇదే పట్టు గురించి రాశాడు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఆస్థానంలో స్వరకర్త లుల్లీ దగ్గర వాయించినవాళ్లు, జర్మన్లలో చాలామంది, బొటనవేలితో వెంట్రుకల్ని నొక్కి పట్టుకునేవాళ్లట. ఇటాలియన్లు మాత్రం వెంట్రుకల్ని తాకరట. ఆ ఫ్రెంచి దర్బారులో వయొలిన్లు ముఖ్యంగా దేనికి వాయించేవారు? డాన్సుకి! 1751లో లండన్‌లో ఇటాలియన్ వయొలిన్ విద్వాంసుడు జెమినియాని అచ్చువేసిన వయొలిన్ పాఠాల్లో కూడా కమానుని ఫ్రాగ్‌కి కాస్త ఎడంగా పట్టుకోమనే ఉంది.

తర్వాత కమానే మారిపోయింది. 1780ల ప్రాంతంలో పారిస్‌లో ఫ్రాంస్వా టూర్ట్ అనే పనివాడు కర్రని లోపలికి వంచి, బ్రెజిల్ నుంచి వచ్చే పెర్నాంబుకో చెక్కతో చేసిన నమూనా నేటికీ నడుస్తోంది. హాళ్లు పెద్దవయ్యాయి, స్వరాలు సాగాయి, చెయ్యి ఫ్రాగ్ దగ్గర స్థిరపడింది. కొండల్లో ఫిడేలువాళ్లకి పాత పట్టు వారసత్వంగా వచ్చిందా, లేక పని అదే కాబట్టి చెయ్యి తనంతట తనే అదే చోటు వెతుక్కుందా? రెండూ కొంత కొంత అని నా అనుమానం.

అయితే "జానపదం అంటే కర్ర మధ్యలో పట్టుకోవడం" అని రాసేసుకోకండి. స్కాట్లండ్ ఫిడేలు దిగ్గజం జేమ్స్ స్కాట్ స్కిన్నర్ క్లాసికల్ శిక్షణ ఉన్నవాడే. ఐర్లండ్‌లో ఫ్రాగ్ దగ్గర పట్టుకునేవాళ్లు బోలెడు. అక్కడ తేడా ఎక్కువగా కమాను నడకలో ఉంటుంది. డొనెగాల్ వైపు ఒక్కో స్వరానికి ఒక్కో గీత. స్లైగో నుంచి 1914లో న్యూయార్క్ వెళ్లి రికార్డులిచ్చిన మైకేల్ కోల్మన్ వాయింపులో స్వరాలు ఒకదాన్నొకటి పట్టుకుని జారుతుంటాయి. అందరూ వాడే అలంకారం ట్రెబుల్, ఒకే స్వరం మీద కమానుతో మెరుపులాంటి "తకిట". అది వేళ్లు బిగిస్తే రాదు. ఇక్కడ టెన్షన్ పడ్డ చెయ్యి ఓడిపోయినట్టే.

మన దగ్గరా కమాను ఒకే పని చెయ్యదు. రాజస్థాన్ తీగ వాద్యం రావణహత్త కమానుకి గజ్జెలు కడతారు. రాగంతో పాటే దరువు పుడుతుంది. ఆదిలాబాద్‌లో గోండుల కథలు పాడే పర్ధాన్ల కిక్రి కూడా కమానుతో వాయించేదే, పాటని మోసుకుపోవడం దాని పని. ఇక కర్ణాటక సంగీతం సంగతి వేరు. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో పాశ్చాత్య వాయింపు నేర్చుకుని వయొలిన్‌ని మన సంగీతంలోకి తెచ్చాక, మనవాళ్లు వాద్యాన్ని తిప్పి పాదం మీద ఆనించారు. గాత్రం వెంట వెళ్లాలి కాబట్టి పొడుగు కమాను మనకీ ముఖ్యమే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు చెప్పగానే ఆ కమాను నాదం తలుచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

[తెర మీద: నా కుడిచెయ్యి.]

ఇప్పుడు ఒకే రీల్, అంటే ఫిడేలువాళ్ల డాన్సు బాణీ, రెండుసార్లు వాయిస్తాను. మొదట మా మాస్టారు పెట్టిన చోట వేళ్లు. తర్వాత బెత్తెడు ముందుకు. ఎడమచేతిలో ఏమీ మార్చను. కళ్లు మూసుకుని, మీ కాలు ఎప్పుడు కదలడం మొదలుపెట్టిందో కామెంట్లో చెప్పండి.

[వాయింపు.]